కరణం పొట్టోడైన రోజు

ఇట్ట రాండి, దగ్గరికి జరగండి. చాప చాలకపోతే ఆ పీట లాక్కోండి. నేను రాసింది మీరు చదవతా ఉన్నా సరే, నా పక్కన కూర్చొని వింటా ఉన్నట్టే అనుకోండి. నాకు చెప్పడం వచ్చు గాని, రాయడం అంతంతమాత్రం. మా ఇంట్లో దయ్యం కథలన్నీ నేనే చెప్తాను. ఎంత పెద్ద దయ్యం కథ చెప్పినా నా గొంతు వణకదు. ఈ కథ మొదలుపెట్టాలంటే మాత్రం వణుకుతాది. ఇది ఒక నిచ్చెన లెక్క కథ. నిచ్చెన, గోడ, నేల, అంతే, ఇంకేం లేదు అందులో. అయినా నా జన్మలో నేను దేనికైనా అంత భయపడినానంటే, దానికే.

ముందు మా అవ్వ కాడి నుంచి రావాల.

మాది సీతారామపురం అవతల మెట్ట ఊరు. వానొస్తేనే పంట. పాత రోజుల్లో ఊరికో కరణం ఉండేవాడంట. చేలు కొలిచేది, ఎవురికెంతో రాసేది ఆయనే. నా చిన్నప్పటికి ఆ కొలువు పోయింది గాని, ముసలి కరణం ఊళ్ళోనే ఉండేవాడు. మా వైపు నోటితో పిలిచేటప్పుడు కరణాన్ని కర్ణం అనే అంటారు. మా అవ్వకు ఆయన కొలతలంటే చెడ్డ కోపం. నన్ను పక్కన పడుకోబెట్టుకొని చెప్పేది:

"కర్ణం గట్టు మీద నడవడే పాపా. ఈ మూల దిగి, ఆ ఎదురు మూలకు ఐమూలగా నడుస్తాడు. పైరు తొక్కుకుంటా, గొలుసు ఈడ్చుకుంటా. నువ్వు ఏ గట్టన్నా కొలువు, ఆయన నడిచిందాని కంటే తక్కువే. కర్ణం నడకే పొడుగు."

నా చెవిలో ఒకసారి పడిన మాట పోదు. ఆదివారం చర్చిలో అయ్యగారు చదివిన వాక్యం ఇంటికొచ్చి మా అమ్మకు మొత్తం అప్పజెప్పేదాన్ని, మధ్యలో అయ్యగారు ఎక్కడ దగ్గినారో అది కూడా కలిపి. అట్టనే అవ్వ మాట కూడా తలలో పడి ఉండిపోయింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల సారు బోర్డు మీద మూడు గీతలు గీసినారు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం, రెండింటి కొనలూ కలుపుతా ఒకటి ఏటవాలుగా. నిలువూ అడ్డం కలిసిన కాడ చిన్న డబ్బా గీసినారు. నా వైపు చెయ్యి చూపించి, "నువ్వు లెయ్. కర్ణం ఎక్కడుందో చెప్పు" అన్నారు.

ఉందో ఉన్నాడో నాకు తేడా తెలియలా. నేను లేచి, చేతులు కట్టుకొని, మర్యాదగానే చెప్పినాను: "కర్ణం గారు ఇప్పుడు ఊళ్ళో లేరు సార్. నెల్లూర్లో కొడుకు కాడికి పోయినారు."

తరగతి మొత్తం పగలబడి నవ్వింది. సారు నేను ఎగతాళి చేసినాననుకున్నారు. చెయ్యి చాపమన్నారు. చెక్క స్కేలు నిలువుగా తిప్పి కణుపుల మీద కొట్టినారు. ఎన్ని దెబ్బలో నేను చెప్పను, నాకు గుర్తుండాది గాని చెప్పను. మర్నాడు కడుపునొప్పి అన్నాను. ఆ పై రోజూ అదే అన్నాను. నాలుగో రోజు మా అమ్మ, "ఉత్తినే కూర్చుంటే కడుపునొప్పి తగ్గదు, మేకలు తోలకపో" అనింది. అంతే, నా చదువు అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత మూడు గీతలు కలిసిన బొమ్మ ఎక్కడ కనపడినా, అది గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం అయినా సరే, నా వేళ్ళ కణుపులు సలిపేవి.

పెళ్ళై ఉదయగిరి వచ్చినాను. మా ఆయన తాపీ మేస్త్రీ. నేను అంగన్‌వాడీలో ఆయాగా చేరినాను. పిల్లోళ్ళ ముక్కులు తుడిచేది, గుడ్లు ఉడకబెట్టేది, నిద్రపుచ్చేది, కథలు చెప్పేది. పద్నాలుగేళ్ళు చేసినాను. మా సెంటర్లో టీచరమ్మకు రిటైర్‌మెంట్ దగ్గర పడింది. ఒకరోజు మీటింగు నుంచి వచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "నా కుర్చీ నీకే రావాల. పది పాసై ఉంటే ఆయాకే ముందు అడుగుతారంట. కాకపోతే వయసు దాటకూడదు. నీకింకా మూడు ఛాన్సులు ఉండాయి, రాయి."

ఓపెన్ స్కూల్లో పదికి కట్టినాను. తెలుగు, సోషల్, సైన్సు అన్నీ మొదటిసారే పాసైనాను. చదివి వినిపించే వాళ్ళుంటే చాలు నాకు. లెక్కలు మాత్రం పోయింది. మొదటిసారి పేపరులో ఆ మూడు గీతల బొమ్మ చూడంగానే చెయ్యి ఆగిపోయింది. రెండోసారి ఆగలా గాని, చాలలా. ఇంక మిగిలింది ఒక్కటి. ఆ ఎండాకాలం పరీక్ష తప్పితే వయసు దాటిపోతాది. ఇంకెవురో చిన్నపిల్ల టీచరుగా వస్తాది, నేను ఆ పిల్లకు ఆయాగా ఉంటాను, ముసలిదాన్నయ్యేదాకా. ముక్కులు తుడవడం నాకు తక్కువని కాదు. పిల్లోళ్ళకు అ ఆలు నేను చెప్తా ఉంటే, పై ఆఫీసరు వచ్చినప్పుడు నేను లేచి గిన్నెల కాడికి పోయి నిలబడాల. అది తక్కువ నాకు.

మా పాప ఆ ఏడే పది రాసి సెలవల్లో ఇంట్లో ఉండాది. నాకు సారు అదే.

"మా, మొదట బొమ్మ గియ్యి. బొమ్మ లేకుండా లెక్కలోకి పోబాక."

"బొమ్మంటేనే గదే నాకు భయం."

"భయపడతానే గియ్యి. ఎవురు వద్దన్నారు?"

మధ్యాహ్నం పూట ఎండకు బయట ఈగ కూడా ఎగరదు. వసారాలో గచ్చు మీద సుద్దముక్కతో గీసేవాళ్ళం. పాప చెప్పిన వరస నాకు ఇప్పటికీ పాటలాగా వస్తాది. బొమ్మ గీసుకో. నేలా గోడా కలిసే కాడ డబ్బా పెట్టు, అది తొంభై డిగ్రీలు. ఇచ్చిన కోణం ఏ మూల ఉండాదో ఆ మూల రాయి. ఆ మూలకు ఎదురుగా ఉండేది ఎదుటి భుజం. ఆ మూలను ఆనుకొని ఉండేది ఆసన్న భుజం. ఏటవాలుది కర్ణం. ఇచ్చింది ఏంది, అడిగింది ఏంది, పక్కన రాసుకో. ఎదుటిదీ కర్ణం వస్తే సైన్, ఆసన్నదీ కర్ణం వస్తే కాస్, కర్ణం లేకుండా ఆ రెండే వస్తే టాన్.

"భుజం అంటే నాకు బియ్యం మూట మోసేదే తెలుసే" అంటే, "ఇదీ మూటే మా, దించకుండా మొయ్యి" అనేది.

కర్ణం అనే మాట వచ్చిన ప్రతిసారీ నేను గచ్చు మీద నుంచి చెయ్యి తీసేసి కొంగులో పెట్టుకునేదాన్ని. పాపకు చెప్పలేదు ఎందుకో. అది నవ్వుతాదని భయం. తరగతి మొత్తం నవ్విన నవ్వు నా చెవిలో ఇంకా ఉండాది.

ఒకరోజు మా ఆయన పని కాడి నుంచి తొందరగా వచ్చి, కాళ్ళు కడుక్కుంటా గచ్చు మీద బొమ్మ చూసినాడు. మూడు, నాలుగు, ఐదు అని రాసి ఉండాది.

"ఈ మాత్రం దానికి ఆ సైనూ కాసూ ఏందే? పునాది గీసేటప్పుడు నేను రోజూ చేసేది ఇదే గదా. దారం పట్టుకొని ఇటు మూడడుగులు, అటు నాలుగడుగులు. ఐమూలగా ఐదు వచ్చిందా, మూల సరిపోయినట్టే. రాలేదా, ఇల్లు వంకర."

ఐమూల అనే మాట నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టు తగిలింది.

"ఏందీ? ఐమూలా?"

"ఆ. ఈ కొస నుంచి ఆ కొసకు."

"అది కర్ణం నడక గదయ్యా!" అని అరిచినాను. "అందుకే దాన్ని కర్ణం అంటారు! మా అవ్వ చెప్పింది! ఐమూలగా నడుస్తాడని!"

పాప సుద్దముక్క కింద పెట్టింది. "మా, ఆ కరణం వేరే, ఈ కర్ణం వేరే. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు. పరీక్షలో అట్ట రాసినావంటే..."

"నవ్వుతారు" అన్నాను నేను. "తెలుసులే."

అప్పుడు చెప్పినాను ఏడో తరగతి సంగతి. పాప నవ్వలా. మా ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకొని, బొమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత, "రాయబాక, మనసులో అనుకో. మనసులో అనుకున్నదానికి మార్కులు కోస్తారా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఏ బొమ్మ చూసినా, డబ్బా ఉండే మూలకు ఎదురుగా మా ఊరి కరణాన్ని నిలబెట్టేదాన్ని. ఆయన గొలుసు ఈడ్చుకుంటా ఏటవాలుగా పోతా ఉంటాడు. మిగతా రెండు గీతల కంటే ఆయనే పొడుగు. చెయ్యి కొంగులోకి పోవడం తగ్గింది. పోలేదు, తగ్గింది.

కాని భయం ఉండాది చూడండి, అది ఒక దారి మూస్తే ఇంకో దారిన వస్తాది. అర్థం చేసుకొని చెయ్యడం నాకు నమ్మకం చాలలా. అందుకని గైడులో ఉండే లెక్కలు నలభై, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కంఠతా పట్టేసినాను. గిన్నెలు తోముతా ఒకటి, బట్టలు ఆరేస్తా ఒకటి. అందులో నిచ్చెన లెక్క నాకు చానా ఇష్టం. ఆరు మీటర్ల నిచ్చెన, నేలతో అరవై డిగ్రీలు, గోడను ఎంత ఎత్తులో తాకుతాది? మూడు రూట్ మూడు. ఐదు పాయింట్ ఒకటి తొమ్మిది ఆరు మీటర్లు. నిచ్చెన, ఆరు, అరవై, మూడు రూట్ మూడు. జోలపాట మాదిరి ఉంటాది.

పాప నెత్తి కొట్టుకునింది. "మా, లెక్కను కంఠతా పట్టబాక. వాళ్ళు మారుస్తారు."

"ఎవురు?"

"పేపరు చేసేవాళ్ళు."

"ఎందుకు మారుస్తారే? బాగానే ఉండాది గదా ఇది."

పరీక్ష ఆత్మకూరులో. మొదటి బస్సుకు పాపా నేనూ బయలుదేరినాము. మా ఆయన బస్టాండు దాకా వచ్చి, కిటికీ లోంచి రెండు పెన్నులు ఇచ్చినాడు. ఇంట్లో నాలుగు ఉండాయని చెప్పినా ఇచ్చినాడు. బస్సు కదిలినాక కొండ వెనక నుంచి వెలుగొస్తా ఉండాది.

"మా, కొండ చూడు. శిఖరం వైపు మనం తలెత్తి చూస్తే దాన్నేమంటారు?"

"వాంతి."

"ఊర్ధ్వ కోణం మా!"

"నాకు వాంతే వచ్చేట్టుండాది. కవరు ఉండాదా?"

కవరు ఉండాది. అవసరమూ పడింది.

ఆత్మకూరులో సెంటరు గేటు కాడ జనం. నా వయసోళ్ళు కొందరు, మా పాప వయసోళ్ళు చానా మంది. చెప్పులు బయట వదలమన్నారు. చేతిలో హాల్ టికెట్టు తడిసిపోతా ఉంటే పాప లాక్కొని తన చున్నీతో తుడిచి ఇచ్చింది. "మా, బొమ్మ గియ్యి. చాలు. పో" అనింది. గేటు మూసినారు. వెనక్కి చూస్తే పాప కమ్మీల మధ్య నుంచి చెయ్యి ఊపతా ఉండాది. చిన్నప్పుడు దాన్ని నేను బళ్ళో వదిలిపెట్టినప్పుడు ఏడ్చిందే, ఆ ఏడుపు అప్పుడు నాకొచ్చింది.

పేపరు ఇచ్చినారు. చిన్న చిన్న ప్రశ్నలు ముందు రాసినాను. ఒక్కోటీ రాసి, వేళ్ళ మీద మార్కులు లెక్క పెట్టుకున్నాను. ముప్పై ఐదు రావాల. నాకు గట్టిగా తెలిసినవి, సగం తెలిసినవి అన్నీ కలిపినా ముప్పై దాటి ఒకటో రెండో. అంతకు మించి లాగినా రాలా. మిగిలింది నాలుగు మార్కుల పెద్ద లెక్కలు. తిప్పితే ఒకటి వృత్తం, అది నాకు రాదు. ఇంకొకటి చూస్తే, నిచ్చెన! ఆరు మీటర్లు! అరవై డిగ్రీలు!

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. దేవుడా, నీ మేలు మరువను అనుకున్నాను. బొమ్మ గీసినాను, పాప చెప్పినట్టే. డబ్బా పెట్టినాను. గోడ పక్కన పేపర్లో ఉన్నట్టు ఆరు అని రాసినాను. ఆ తర్వాత పేపరు వైపు చూడలా. జోలపాట మొదలైంది. చెయ్యి దానంతట అదే పోయింది. మూడు రూట్ మూడు. ఐదు పాయింట్ ఒకటి తొమ్మిది ఆరు మీటర్లు. కింద రెండు గీతలు కూడా కొట్టినాను.

వెనక బెంచీలో ఒకామె ఉండాది, వరికుంటపాడు వైపు మనిషి. గేటు కాడ పరిచయమైంది. ఆమెకీ ఇది ఆఖరిసారేనని చెప్పింది. నా వీపు మీద పెన్నుతో మెల్లిగా తట్టింది.

"అక్కా, నిచ్చెనకు మూడు రూట్ మూడేగా?"

నేను కొంచెం తల తిప్పి, "ఆ" అన్నాను.

"ఏమ్మా!" గదిలో మేడం నాలుగు అంగల్లో నా కాడికి వచ్చింది. నా కంటే చిన్నది. "నీ వయసుకు ఈ బుద్ధేందమ్మా? ఇంకోసారి తల తిరిగిందంటే పేపరు తీసుకొని బయటికి పంపిస్తా. మళ్ళీ రాసుకుందువు."

మళ్ళీ అనే మాట నాకు లేదని ఆమెకేం తెలుసు. గదిలో అందరూ నన్నే చూసినారు. ఎవురో కిసుక్కున నవ్వినారు. నా కణుపులు సలపడం మొదలైంది. చెయ్యి కొంగులో దోపుకుందామంటే, చీటీ దాచినాననుకుంటారని భయం. పక్కకు చూడాలంటే భయం, గడియారం చూడాలంటే భయం, మేడం వైపు చూడాలంటే భయం. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలియక, నా పేపరు మీదే, నేను గీసిన బొమ్మ మీదే పెట్టుకున్నాను. రెప్ప కూడా ఎత్తలా.

అట్ట ఎంతసేపు చూసినానో. నిలువు గీత, గోడ. దాని పక్కన నా చేత్తో రాసిన ఆరు. అడ్డ గీత, నేల. ఏటవాలుగా నిచ్చెన. గొలుసు ఈడ్చుకుంటా నిచ్చెన మీదకు మా ఊరి కరణం వచ్చినాడు, రోజూ వచ్చినట్టే. ఆయన పొడుగు ఎంత? కింద రాసి ఉండాది గదా, ఐదు పాయింట్ ఒకటి తొమ్మిది ఆరు.

గోడ ఆరు. కరణం ఐదు.

కరణం గోడ కంటే పొట్టోడైనాడు.

నా ఒళ్ళంతా చెమట పట్టింది. అట్ట కాదు గదా. అవ్వ చెప్పింది అట్ట కాదు. ఏ గట్టు కొలిచినా ఆయన నడక కంటే తక్కువే. ఐదు మీటర్ల నిచ్చెన ఏటవాలుగా వేస్తే ఆరు మీటర్ల గోడకు ఎట్ట అందుతాది? మా ఆయన చేతిలో తాపీ పట్టుకొని ఆ నిచ్చెన ఎక్కినట్టు, చెయ్యి చాపినట్టు, అందక కింద పడినట్టు కనపడింది. ఒట్టు, కనపడింది.

కాని ఇంకో భయం. నా జ్ఞాపకం నన్ను ఎన్నడూ మోసం చేయలా. గైడులో మూడు రూట్ మూడే. వెనకామెదీ మూడు రూట్ మూడే. వీళ్ళందరినీ కాదని, చిన్నప్పుడు తరగతి మొత్తం నవ్విన కరణాన్ని నమ్మి కొట్టేస్తే? కొట్టేసినాక ఇదే కరెక్టైతే? మీరు నవ్వబాకండి. ఇప్పుడు నవ్వొస్తాది గాని, అప్పుడు నాకు పెన్ను పట్టుకోను పట్టు దొరకలా.

ప్రశ్న మళ్ళీ చదివినాను. ఒక్కో మాట మీద వేలు పెట్టి, మా సెంటర్లో పిల్లోళ్ళు చదివినట్టు. ఒక నిచ్చెన. గోడను. ఆరు మీటర్ల ఎత్తులో. తాకుతున్నది. నేలతో అరవై డిగ్రీలు. అయిన. నిచ్చెన పొడవు. ఎంత.

మార్చినారు. పాప చెప్పినట్టే మార్చేసినారు. గైడులో నిచ్చెన ఇచ్చి గోడను అడిగితే, ఇక్కడ గోడను ఇచ్చి నిచ్చెనను అడిగినారు. అంకెలు మాత్రం అవే పెట్టినారు.

అప్పుడే గంట కొట్టినారు, ఇంకో పది నిమిషాలే అని.

రాసిందంతా అడ్డంగా కొట్టేసినాను. ఆ గీత కొట్టేటప్పుడు కాగితం కొంచెం చిరిగింది కూడా. పక్క పేజీలో మళ్ళీ బొమ్మ గీసినాను. వంకరగా వచ్చింది, పోనీ అనుకున్నాను. ఇచ్చింది: గోడ, అరవైకి ఎదుటి భుజం, ఆరు. అడిగింది: కర్ణం. ఎదుటిదీ కర్ణం, కాబట్టి సైన్. సైన్ అరవై అంటే రూట్ మూడు బై రెండు. అది ఆరు బై కర్ణానికి సమానం. అడ్డంగా గుణిస్తే, కర్ణం ఇంటూ రూట్ మూడు సమానం పన్నెండు. కర్ణం సమానం పన్నెండు బై రూట్ మూడు. కింద రూట్ ఉండకూడదని పాప పోరు పెట్టింది గదా. పైకీ కిందికీ రూట్ మూడు పెట్టాల. ఇంటికి ఇద్దరు చుట్టాలొస్తే ఒకరికి మంచినీళ్ళిచ్చి ఒకరికి మానలేం, అట్ట. పైన పన్నెండు రూట్ మూడు, కింద మూడు. కొట్టేస్తే నాలుగు రూట్ మూడు. నాలుగు ఇంటూ ఒకటి పాయింట్ ఏడు మూడు రెండు. ఇక్కడ గుణకారం రెండుసార్లు తప్పింది. మూడోసారి వచ్చింది. ఆరు పాయింట్ తొమ్మిది రెండు ఎనిమిది మీటర్లు.

గోడ కంటే రెండు మూరలు ఎక్కువ. కరణం గోడ దాటి నిలబడినాడు. మీటర్లు అని రాసి పెన్ను ఎత్తంగానే మేడం పేపరు లాక్కునింది.

ఇక్కడ ఒక మాట చెప్పాల, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వెనకామెకు నేను "ఆ" అన్నాను గదా. అది తప్పని తెలిసినాక చెప్పలేకపోయినాను. తల తిప్పితే నా కథ అయిపోయేది. నా వీపుకు రెండడుగుల దూరంలో ఆమె పేపర్లో మూడు రూట్ మూడు అట్టనే ఉండాది. బయటికొచ్చి వెతికితే లేదు, బస్సుకు టైమైందని పరిగెత్తిందంట. ఆమె పాసైందో లేదో నాకు ఈ రోజుటికీ తెలియదు. పేరు కూడా అడగలా నేను.

పాప గేటు బయట నీడలో నిలబడి ఉండాది, సీసాలో నీళ్ళు వేడెక్కిపోయి ఉండాయి. నేను చెప్పింది విని, కింద కూర్చొని దుమ్ములో వేలితో గీసింది. ఆరు రాసింది, అరవై రాసింది. పెదాలు కదిలిస్తా గుణించింది. నేను దాని వేలునే చూస్తా నిలబడినాను. అది పైకి లేచి నా మొహం చూసి, "కరెక్టే మా" అనింది. తర్వాత మెల్లిగా, "కరణం చెప్పినాడా?" అనింది.

"ఆ. ఆయనే."

"నవ్వనులే మా" అనింది. కాని నవ్వింది. నేనూ నవ్వినాను. నవ్వతా ఉంటే ఏడుపొచ్చింది.

రిజల్ట్ వచ్చిన రోజు ఎండ ఇంకా తగ్గలా. పాప సెల్లులో నెంబరు కొట్టింది. తెర మీద చక్రం గుండ్రంగా తిరగతానే ఉండాది. మా ఆయన తట్ట బోర్లించి దాని మీద కూర్చొని, చేతికంటిన సిమెంటు గోకుతా ఉన్నాడు. నేను లోపలికి పోయి పొయ్యి వెనక నిలబడినాను. పిలిచినా రాలా. "మా, ముప్పై ఆరు!" అని పాప అరిచినప్పుడు కూడా కదలలా. ముప్పై ఆరులో నాలుగు తీసేస్తే ముప్పై రెండు. ఆ తీసివేతకు నాకు గైడు అక్కరలా. పొయ్యి వెనకనే గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయినాను, పాసైన భయంతో. అవును, పాసైనాక కూడా భయమే. ఎంత సన్నటి గట్టు మీద నడిచొచ్చినానో అప్పుడు కిందికి చూసినాను గదా.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనే కూర్చుంటాను. పై ఆఫీసరు వచ్చినప్పుడు లేచి నిలబడతాను గాని, గిన్నెల కాడికి పోను. పిల్లోళ్ళకు గచ్చు మీద మూడు గీతలు గీసి, "ఇది గోడ, ఇది నేల, ఇదేంది?" అంటాను. ఒకడు జారుడుబండ అంటాడు. ఒకతి మా తాత చేతికర్ర అంటాది. మొన్న ఒక పిల్ల లేచి, ఇది పడుకున్న పాము అనింది. అందరూ నవ్వినారు. ఆ పిల్ల మొహం చిన్నబోయేలోపల దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టుకొని, ఆ గీతకు ఒక చివర కన్ను పెట్టినాను, పాము మాదిరే ఉండాలని. మా సెంటర్లో చెక్క స్కేలు లేదు. గీతలు గీయాలంటే దారం పట్టుకుంటాం.

ఇంక లేవండి, చానాసేపైంది. మీ ఇంటి మూలలన్నీ సరిగ్గా కుదరాల. మీ నిచ్చెన మీ గోడ కంటే ఎప్పుడూ రెండు మూరలు పొడుగుండాల, దాన్ని ఎక్కిన మనిషి క్షేమంగా దిగాల. తెలియక తప్పు చెప్పిన బిడ్డను మీ గడప లోపల ఎవురూ నవ్వకుండా ఉండాల. దేవుడు మిమ్మల్నీ మీ పిల్లోళ్ళనూ చల్లగా చూడాల.